మామ వేలున్న కాగితం

"దీని చేతికి కాగితం ఇయ్యకుర్రి, కాలవెడుతది."

మా అత్తమ్మ ఈ మాట ఊరందరికీ చెప్పి పెట్టింది. కార్డు వచ్చినా, పెండ్లి పత్రిక వచ్చినా, ఓటు చీటీలు పంచేవాళ్ళు వచ్చినా ముందు ఈ హెచ్చరిక అయ్యేది, తర్వాతే కాగితం నా చేతికి అందేది. అందేది మాత్రం నాకే. ఆ ఇంట్లో చదవడం వచ్చింది నా ఒక్కదానికే మరి. దొంగ చేతికే తాళంచెవి ఇచ్చి, దొంగా అని పిలిచినట్టు ఉండేది నా బతుకు.

ఆ నిందలో అబద్ధం లేదు. నిజంగానే కాలబెట్టాను. జన్మలో ఒక్కటే కాగితం కాలబెట్టాను. వెదికి వెదికి కాలబెట్టకూడని దాన్నే పట్టుకున్నాను.

మాది హాలియా దగ్గర కాలువ కింది ఊరు. ఏడాదికి రెండు పంటలు, మోకాళ్ళ దాకా బురద. ఆరో తరగతి సగంలో నేను బడి మానేశాను. ఇంట్లో నాట్లకు ఒక మనిషి తక్కువైంది, బళ్ళో సారుకు నా నోరు ఎక్కువైంది. ఇద్దరికీ బేరం కుదిరింది. ఎనభైల నడుమ నన్ను అమ్రాబాద్ గుట్టలు కనపడే ఒక మెట్ట చెల్కల ఊరికి ఇచ్చారు. జొన్న, ఆముదం, కందులు, రాళ్ళు. అన్నిటికంటే రాళ్ళే బాగా పండేవి. మా ఊళ్ళో నీళ్ళు మా వెంట పడేవి. అత్తగారి ఊళ్ళో మేం నీళ్ళ వెంట పడ్డాం. లోకమంతా నీళ్ళు చూసి పిల్లనిస్తుంది, మా నాయిన పిల్లగాడిని చూసి ఇచ్చాడు. ఆ పిల్లగాడేమో దసరా దాటగానే మేస్త్రీ వెంట మట్టి పనికి బొంబాయి వైపు పోయేవాడు. మళ్ళీ తొలకరికే రావడం. మిగిలిన కాలమంతా నేనూ, మా అత్తమ్మా, ఒక బర్రె.

మా అత్తమ్మ మనిషి సన్నం, మాట మందం. మామ పోయి అప్పటికి చాలా ఏండ్లయింది. ఆమె ఒక్కతే కొడుకునూ బిడ్డనూ సాకి పెండ్లిళ్ళు చేసింది. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజే, "కాలువ పిల్లవు, గీడ కడవెడు నీళ్ళతోని తానం జెయ్యాలె. చాతనైతదా?" అన్నది. "కడవెందుకత్తమ్మా, నువ్వు తిట్టినప్పుడు పడే తుంపర్లు చాలు" అన్నాను. కొడుతుందనుకున్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నవ్విందని తర్వాత మా ఆయన చెప్పాడు.

ఇక కాగితం సంగతి.

ఆ ఏడు ఎండాకాలం మా ఆయన ఉత్తరం రెండు నెలలుగా రాలేదు. ఆయనకు రాయడం రాదు, పని దగ్గర ఎవరో ఒకరితో రాయించేవాడు. అడుగున సంతకం మాత్రం సొంతం, అదీ నేను నేర్పిందే. వారానికి రెండుసార్లు పోస్టుమ్యాన్ సైకిలు గంట వినపడగానే గడపలోకి ఉరికేదాన్ని. "నీ సంచిల మా ఆయన ఉన్నడా?" అని అడిగితే, "గంత పెద్ద మనిషి సంచిల పట్టడు వదినా" అని నవ్వుతూ పోయేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ సైకిలు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడేదాన్ని. మట్టి పని అంటే కట్టలు విరిగిపడే పని. అలా విరిగిపడి వచ్చిన కబుర్లు ఆ ఊరికి కొత్త కాదు.

అప్పట్లో మా దిక్కు ఉత్తరాలకు కూడా మంచీ చెడూ ఉండేవి. నాలుగు మూలలా పసుపు అద్ది వస్తే శుభం. అది ఇంట్లోకి, దేవుడి గూట్లోకి పోయేది. చావు కబురైతే గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. బయటే నిలబడి చదివించుకుని, అక్కడికక్కడ చింపేసి, కాళ్ళు కడుక్కుని, తలకు పోసుకుని లోపలికి రావాలి. దాచుకున్నారో, దానికి ఇంకొకటి తోడు వస్తుందని భయం. మా అమ్మగారి ఊళ్ళోనూ ఇంతే, అత్తగారి ఊళ్ళోనూ ఇంతే. ఈ ఒక్క విషయంలో రెండు జిల్లాలకూ తేడా లేదు.

వానలకు ముందు బర్రెల కొట్టం మీద పాత గడ్డి దించి కొత్తది కప్పాలి. అత్తమ్మ ఆ రోజుల్లోనే రెండు రోజులకని బిడ్డ ఊరికి బయలుదేరింది. పోతూ పోతూ, "నేనొచ్చేదాక కొట్టం జోలికి పోకు" అన్నది. నాకు చాతకాదని అంటుందనుకున్నాను. కాలువ కింది పిల్లకు పౌరుషం జాస్తి. ఆమె అటు పోగానే ఇద్దరు కూలీలను పిలిచి కొట్టం విప్పించాను. పైనుంచి గడ్డి దించుతుంటే చూరులో నుంచి తుప్పు పట్టిన తంబాకు డబ్బా ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది. మూత తీస్తే లోపల నాలుగు మడతల ఉత్తరం.

చదివాను. "మనోడు మొన్న మంగళవారం కాలం చేసినాడు. మట్టి విరిగి మీద పడింది. ఇక్కడనే దినాలు చేసినాము. మా తమ్ముడని ఏడ్చుకుంట కూసుంటే కూలి పోతది కనుక పనికి పోతున్న..." అని ఉంది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏదీ చూడలేదు. చావు ఉత్తరం! మట్టి విరిగి! అడుగున ఒక నల్లటి మరక కనిపించింది. సిరా ఒలికిందనుకున్నాను. ఇలాంటిది చూరులో పెట్టుకుని మా ఆయన ఉత్తరం రమ్మంటే ఎట్లా వస్తుంది? కొట్టం బయట దాణా ఉడకబెట్టే పొయ్యిలో వేసి, బూడిదను కర్రతో కలిపి, తలకు పోసుకున్నాను. డబ్బాను మాత్రం పారెయ్యలేదు. మంచి డబ్బా. మేకులు పోసిపెట్టాను.

మర్నాడే మా ఆయన ఉత్తరం వచ్చింది! మేస్త్రీ మకాం మార్చాడట, అందుకే ఆలస్యమట, తాను బాగున్నాడట. సంతకంలో ఒక అక్షరం తక్కువ. అయినా సరే, ఆ రోజు బర్రెకు కూడా చదివి వినిపించాను.

మూడో రోజు అత్తమ్మ దిగింది. చేతిలో మూట ఇంకా కింద పెట్టలేదు. నేను ఆగితే కదా!

"అత్తమ్మా, నీ కొడుకు ఉత్తరం వచ్చింది. వచ్చుడు కాదు, నేనే రప్పించిన."

"ఏం జేసి రప్పించినవే? తోక వట్టి గుంజినవా?"

"కొట్టం చూరుల ఎవరో మతిలేనోళ్ళు సావు ఉత్తరం దాసిండ్రు. గది ఉండంగ మంచి ఉత్తరం యాడికెల్లి వస్తది? కాలవెట్టి తలకు పోస్కున్న. తెల్లారేసరికి నీ కొడుకు క్షేమం ఇంటికొచ్చింది."

ఆమె మూట కింద పెట్టింది. "డబ్బ ఏదే?" అన్నది. తెచ్చి ఇచ్చాను. మేకులన్నీ కింద కుమ్మరించి లోపలికి చూసింది. వేలు పెట్టి అడుగున తడిమింది. మళ్ళీ మేకులు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసి, నా చేతికిచ్చి, పోయి కొట్టంలో గుంజకు ఆనుకుని కూర్చుంది.

తిట్టలేదు. నా మాటలకు ఆమె నవ్వాలి, లేదా తిట్టాలి. రెండింట్లో ఏది వచ్చినా నాకు పండగే. ఆ రోజు రెండూ రాలేదు. నాలుగు జోకులు వేశాను. ఐదోది నోట్లోనే ఆగిపోయింది. పొద్దు వాలుతుండగా జొన్నరొట్టె, పచ్చిపులుసు తీసుకుపోయి ముందు పెట్టాను.

"గా మతిలేనిదాన్ని నేనే" అన్నది.

అప్పుడు చెప్పింది. మామ కూడా మట్టి పనికే పోయేవాడు. చదువు లేదు. రాయించిన ఉత్తరం అడుగున ఎడమచేతి బొటనవేలు అద్దేవాడు. ఒకసారి గడ్డపార జారి ఆ వేలు చీలింది. మానిన తర్వాత ముద్రకు నడుమ తెల్లటి గీత మిగిలింది, చెల్క నడుమ గెట్టు లాగా. "రాసెటోడు ఎవడన్న గానీ, ఏం రాసిండో గానీ, నేను ముంగల గా గీత జూస్త. ఉన్నదంటె ఆయన ఉన్నట్టు" అన్నది. ఉత్తరాలన్నీ తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసుకుంది. ఒక వానాకాలం చెదలు పట్టి తీగ మాత్రం మిగిలింది. తమ్ముడు పోయినప్పుడు మామ రాయించిన చావు ఉత్తరం ఒక్కటే బతికింది. దాన్ని చింపడానికి ఆమెకు చెయ్యి రాలేదు. చింపకుండా ఇంట్లోకి తేవడానికి ధైర్యం రాలేదు. గడపకు బయట కదా అని కొట్టం చూరులో పెట్టుకుంది. కొట్టం విప్పిన ప్రతిసారీ తానే దగ్గరుండి తీసి, తానే మళ్ళీ పెట్టేది.

"మల్ల రెండేండ్లకు మేస్త్రీ కార్డు వంపిండు. చదివెటాయిన నోరు తెరవకముందే నాకు సమజైంది. కార్డు మీద ఏలు లేదు."

మామను పని దగ్గరే మన్ను చేశారు. ఫోటో ఎప్పుడూ దిగలేదు. కట్టుకున్న బట్టలు దినాలప్పుడే ఇచ్చేశారు. ఈ భూమ్మీద ఆయనదంటూ ఉన్నది ఆ వేలొక్కటే. దాన్ని నేను దాణా పొయ్యిలో వేశాను.

ఏడుపు నాకు అలవాటు లేని పని, సరిగా రాదు. ఆ రోజు ఎలాగో వచ్చింది. ఆమే నా వీపు మీద చెయ్యి వేసింది. "పోనీ తియ్యే. నేను నా మొగని కోసం దాసిన, నువ్వు నీ మొగని కోసం కాలవెడితివి. అత్తాకోడండ్లం ఇద్దరం ఒక్క తీరే పిచ్చోళ్ళం. రొట్టె సల్లారుతది, తిను."

తిన్నాను గానీ, ఆ రొట్టె ఇప్పటికీ అరగలేదు.

మర్నాడు బర్రె పాలు పిండుతూ ఆమె ఇంకో మాట చెప్పింది. ఒకే మేస్త్రీ కింద మా ఊరివాళ్ళు ఐదుగురు ఉండేవాళ్ళట. అందరికీ కలిపి ఒకటే నీలం ఇన్లాండు. తలా నాలుగు వరుసలు, ఎవరి వరుసల కింద వాళ్ళ వేలు. ఆ ఉత్తరం ఊళ్ళోకి వచ్చాక ఇల్లిల్లూ తిరిగేది. ఎవరింటి ముందు ఆఖరుకు చదివితే అక్కడే ఉండిపోయేది. వంతు తగిలినవే మా అత్తమ్మ తీగకు ఎక్కాయి. చావు కబురు ఒక్కటే విడి కాగితం మీద వచ్చేది.

అయితే మిగతావి మిగతా ఇండ్లలో ఉండాలి కదా! చీపురు అక్కడే పారేసి బయలుదేరాను.

మొదటి ఇంట్లో అవ్వ చాలా సంతోషపడింది. "ఉత్తరాలా? ఉన్నయి బిడ్డా, భద్రంగ ఉన్నయి" అని లోపలినుంచి పెద్ద గంప మోసుకొచ్చింది. ఉత్తరాలన్నీ నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, వెదురు గంపకు మెత్తింది! "గట్టిగుండాలె గదా." ఐదుగురు మగవాళ్ళ క్షేమ సమాచారాలన్నీ ఆ గంపలోనే. అందులో జొన్నలు. నేను గంప చుట్టూ తిరిగి చూశాను, ఎక్కడైనా వేలు కనపడుతుందేమోనని. మెంతుల వాసన తప్ప ఏమీ లేదు.

రెండో ఇంట్లో ఎలుకలు చదివేశాయి. మూడో ఇంట్లో తాత చుట్టలు వెలిగించుకోవడానికి ఒక్కొక్కటే వాడుకున్నాడు. "నీళ్ళ పిల్లా, గవి ఇరవై ఏండ్ల కిందటి సంగతులు. క్షేమంగున్నమని రాసినోళ్ళే లేకపాయిరి, కాగితాలెందుకు?" అన్నాడు.  

ఇక మిగిలింది ఖాలమ్మ ఇల్లు.

ఖాలమ్మ మా వెనక వాడలో ఉండే ముసలామె. ఖాలా అంటే పిన్నమ్మ, ఊరంతా ఆమెను అట్లాగే పిలిచేది. ఆమె భర్త, సాహెబు, ఆ ఐదుగురిలో ఒకడు. గుంపులో రాయడం వచ్చింది ఆయనకే. అందరి ఉత్తరాలూ ఆయన చేతి రాతే. ఆయనా పోయి ఐదారేండ్లయింది. ఆ ఇంటికి ముందే పోవలసింది కదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. మా అత్తమ్మకూ ఖాలమ్మకూ మాటల్లేవు. ఖాలమ్మ మేక ఒకటి ఎప్పుడో ఆరేసిన మా అత్తమ్మ కొత్త చీర కొంగు నమిలేసింది. మేక చచ్చి మూడేండ్లయింది. పంచాయితీ మాత్రం రోజూ మేత మేసి బలిసింది.

ఖాలమ్మ వాకిట్లో కూర్చుని బొంత కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది.

"కాలువ కోడలా! దారి తప్పినవా బేటీ?"

"లేదు ఖాలమ్మా, గిప్పుడే దొరికింది."

"మీ అత్త వంపిందా?"

"ఆమె వంపలే. నీ మేక కలలకొచ్చి పొమ్మన్నది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి దారం నోట్లో పెట్టుకుంది. "మేక మంచిదే పాపం. మీ అత్తనే ఊకోలే" అన్నది.

కూర్చుని ఉన్నదంతా చెప్పాను. ఈసారి జోకులు కలపలేదు. ఆమె విని, "కాలవెట్టినవా?" అన్నది. కాలబెట్టానన్నాను. "యా అల్లా" అని కాసేపు బొంత మీది కుట్లను వేలితో రాసింది. తర్వాత లేచి లోపలికి పోయింది. రేకు పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన నీలం కాగితం తెచ్చి నా ముందు విప్పింది. మడతల దగ్గర చిరుగులు, సన్నటి వంగిన అక్షరాలు. అక్కడక్కడా నాలుగు వేళ్ళు, అడుగున సాహెబు సంతకం.

"నాకు చదువు రాదు బేటీ. అయినా అప్పుడప్పుడు తీసి జూస్త. గీ గీతలన్ని ఆయన గీసినయి. ఏం రాసిండన్నది గాదు, చెయ్యి గిట్ల గిట్ల పోయింది గద, గది జూస్త" అని గాలిలో వేలితో రాసి చూపింది.

నాలుగో పేరా దగ్గర మామ పేరు కనపడింది. కింద వేలు. నడుమ తెల్లటి గీత.  పై వరుసలు చదవబోయి కళ్ళు తిప్పుకున్నాను. అది అత్తమ్మకు చెప్పిన మాట. ఆమెకంటే ముందు నేను వినడం బాగుండదనిపించింది.

"ఖాలమ్మా, ఒక్క పూట ఇయ్యవా? చూపిచ్చి తెస్త."

"కాగితం గడప దాటది. నీ చేతికైతె అసలే ఇయ్య, పొయ్యిల వెట్టేదానివి. మీ అత్తనే రమ్మను."

ఇంటికొచ్చి చెప్పగానే అత్తమ్మ చేతిలో చేట ఆగింది. మరుక్షణం మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. "దాని గడప నేను తొక్క."

"సరే తియ్. మామను నేనే రోజు పోయి జూసొస్త."

చేట చప్పుడు. కొంచెం ఆగి, "అండ్ల ఏం రాసున్నదే?"

"నేను చదవలే. నీ మొగడు నీకు చెప్పింది నాకెందుకు?"

ఆమె చేట పక్కన పెట్టింది. స్నానం చేసింది. తల దువ్వుకుంది. పెట్టెలో అడుగు నుంచి ఒక చీర తీసి కట్టుకుని బయటికి వచ్చింది. చూస్తే ఆ చీరే! మేక నమిలిన కొంగు పైకి కనపడేలా భుజం మీద వేసుకుంది. రాజీకి పోతూ సాక్ష్యాన్ని వెంట తీసుకుపోయే మనిషి మా అత్తమ్మ.

ఖాలమ్మ గడపలో నిలబడి ఆ కొంగు చూసింది.

"ఇంక దాసినవా గీ చీర?"

"యాదికి ఉండాలె గద ఆపా. నీ మేకది."

దెప్పుతూనే ఆపా, అంటే అక్కా, అని పిలిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో నేను చెప్పలేను. ఇద్దరూ నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఒక కొంగుకు చిల్లులు.

కాగితం విప్పగానే నేను చూపించాల్సిన పని లేకపోయింది. అత్తమ్మ వేలు పేర్లు చూడకుండా, అక్షరాలు చూడకుండా సూటిగా నాలుగో ముద్ర మీదికి పోయింది. తెల్లటి గీత మీద అటూ ఇటూ కదిలింది. "గిదే" అన్నది. "చదువు" అన్నది.

అడిగితే తెలిసింది, ఆ ఉత్తరం వచ్చినప్పుడు ఆమె ఊళ్ళో లేదు. రెండో కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఊళ్ళోకి తిరిగొచ్చేసరికి ఉత్తరం ఇల్లిల్లూ తిరగడం అయిపోయి ఖాలమ్మ పెట్టెలో పడింది. మీ ఆయన బాగున్నాడట అని ఎవరో చెప్పారు, అంతే. అంటే అందులో మామ చెప్పిన మాటలు ఆమె చెవిన ఇంతవరకూ పడలేదు. ఇరవై ఏండ్ల తర్వాత ఆమెకు మొగుడి దగ్గరినుంచి కొత్త ఉత్తరం వచ్చింది!

మామ నోటి నుంచి మాట ఎట్లా వస్తే అట్లాగే రాశాడు సాహెబు. నేను చదివాను.

"మా ఇంటామెకు చెప్పేది. నేను మంచిగున్న. కాలు నొప్పి తక్కువైంది. బర్రె ఈనిందా? పెయ్యనా, దున్ననా?"

"దున్న" అన్నది అత్తమ్మ, ఆయన ఎదురుగా కూర్చున్నట్టు. "పాడు బర్రె, ఆ యేడు గూడ దున్ననే ఈనింది."

"బాయిల నీళ్ళు ఎన్నో మెట్టు కాడికి ఉన్నయి?"

"యాడియి నీళ్ళు! అడుగు మెట్టు కనవడవట్టె."

"పిల్లగాడు నన్ను యాది జేస్తున్నడా?"

"చేసిండు. రోజు మేస్త్రీ బండి దిక్కు ఉరికెటోడు." ఆ పిల్లగాడు మా ఆయన.  నీళ్ళు తాగి చదివాను.

"నీళ్ళాడినంక ఎవరు పుట్టిండ్రో రాయించు. మొగపిల్లగాడైతె పేరు నీ ఇష్టం. ఆడపిల్లయితె మా అవ్వ పేరు వెట్టు. గిదొక్కటి అడుగుతున్న."

 అత్తమ్మ చెయ్యి తల మీదికి పోయింది.

"అయ్యో... నేను మా అవ్వ పేరు వెడితి కదనే."

ఆయన అడిగింది తన తల్లి పేరు, ఈమె పెట్టింది తన తల్లి పేరు. ఖాలమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. అత్తమ్మ కాగితం వైపే చూస్తూ అన్నది: "ఆ యేడు వానలకొచ్చిండు. పిల్లను ఎత్తుకున్నడు. పేరేందన్నడు. చెప్పిన. జరసేపు ఊకున్నడు. మంచిగున్నది అన్నడు. గంతే ఆపా. మల్ల సచ్చేదాక ఒక్కనాడు అనలే. నేను అడిగితినే, నువ్వు వెట్టకపోతివే అని ఒక్కనాడన్న అనలే."

 నేను అప్పుడు అనుకున్నది ఒకటే. ఉత్తరం కాలబెట్టిన కోడలికి రొట్టె తినమని చెప్పిన ఆమె ఈమెనే కదా. ఆ ఇంట్లో అది ముందునుంచీ ఉన్న అలవాటన్నమాట. ఆరో తరగతి దాకా నా చెవి మెలిపెట్టి గుణింతాలు దిద్దించిన సారుకు ఆ వాకిట్లోనే మనసులో దండం పెట్టుకున్నాను. నా చదువంతా ఆ నాలుగు వరుసల కోసమే అయినా చాలు, ఖర్చు దండగ కాలేదు.

ఖాలమ్మ బొంతలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. "నీ ఆయన కాడికి కోసుకొని తీస్కపో" అన్నది. ఆమె ఆ మాట అనడానికి ఎంత బలం కావాలో ఇప్పుడు తెలుస్తోంది. ఆ ముక్క నిండా ఆమె భర్త రాతే కదా.

అత్తమ్మ కత్తెర పక్కకు జరిపింది. "మీ ఆయన గీతల మీద మా ఆయన ఏలు ఉన్నది. ఎట్ల కోస్తవ్? ఇద్దరు కలిసే పోయిండ్రు, కలిసే తిన్నరు. కలిసే ఉండనియ్."

"అట్లయితె వానకాలం నీ ఇంట్ల, మిగతా కాలం నా ఇంట్ల" అన్నది ఖాలమ్మ. పాలివాళ్ళు ఎద్దును పంచుకున్నట్టు పంచుకున్నారు. తొలకరి నుంచి దసరా దాకా మా ఇల్లు, దసరా నుంచి తొలకరి దాకా వాళ్ళ ఇల్లు. ఒప్పందానికి ఖాలమ్మ ఒక షరతు పెట్టింది: "నీ కోడలి చేతికియ్యకు. కాలవెడుతది." మా అత్తమ్మ ఆ షరతును ఊరంతా చాటింది, అదే నా బిరుదు.

ఏడాదికి రెండుసార్లు కాగితం ఇల్లు మారేది. మారే రోజు నేను చదవాలి, అత్తమ్మ జవాబులు చెప్పాలి. ఖాలమ్మ టీ పెట్టేది. బర్రె ప్రతిసారీ దున్ననే ఈనేది. అడుగు మెట్టు ప్రతిసారీ కనపడేది. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అత్తమ్మ తల వంచుకునేది.

రెండేండ్లకు నాకు ఆడపిల్ల పుట్టింది. మా ఆయన ఏవో సినిమా పేర్లు తెచ్చాడు. అత్తమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: "మా అత్త పేరు వెట్టాలె."

"నీకూ మీ అత్తకూ పడేదా?" అన్నాను.

"పడకపోయేది. గందుకే నేను వెట్టలే. గిప్పుడు ఆయన అడిగిండు కదా."

పాతకాలపు పేరు. మా బిడ్డ బళ్ళో ఆ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేది. కాగితం చదివి వినిపించిన తర్వాత సిగ్గు మానేసింది.

తొంభైల చివరికొచ్చేసరికి ఊళ్ళో టెలిఫోను డబ్బా వచ్చింది. మా ఆయన అక్కడికి ఫోను చేసేవాడు. నేను ఉరికి పోయి, రొప్పుతూ నాలుగు మాటలు మాట్లాడి వచ్చేదాన్ని. మంచిదే, కాదనను. కానీ ఇంటికి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండేది కాదు. అందుకే ఆయనతో పోట్లాడి, మూడు నెలలకొకటైనా కార్డు వెయ్యమనేదాన్ని. "ఫోన్ల జెప్పింది మల్ల ఎందుకు?" అనేవాడు. "నీ సంతకంల తప్పులు ఫోన్ల కనవడవు" అనేదాన్ని. అవన్నీ తంబాకు డబ్బాలో ఉన్నాయి. మేకులకు వేరే డబ్బా చూశాను.

అత్తమ్మ ఒక వానాకాలం పోయింది. కాగితం అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఖాలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, దసరాకు కాగితం తీసుకుపోను, ఈ ఏడు మీ ఇంట్లోనే ఉండనీ అన్నది. నేనే తీసుకుపోయి ఇచ్చాను. వంతు తప్పితే అత్తమ్మ ఒప్పుకోదు. మరుసటేడు ఖాలమ్మ కూడా పోయింది. తొలకరి పడ్డ రోజు ఆమె కోడలు ఆకుపచ్చ గుడ్డ మూట పట్టుకుని మా గడప ముందు నిలబడింది. "నీ చేతికి ఇయ్యొద్దన్నది మా అత్త. అయినా తెచ్చిన అక్కా" అన్నది. నేను పీట వేసి, టీ పెట్టి, కాగితం విప్పాను.

ఇప్పటికీ అదే పద్ధతి. వంతు మారే రోజు చదివేది నేనే, జవాబులు చెప్పేదీ నేనే. బర్రె దున్ననే ఈనింది. అడుగు మెట్టు కనపడుతోంది. పిల్లగాడు యాది చేసుకుంటాడు. ఆఖరి వరుస దగ్గర తెల్లటి గీత మీద వేలు పెట్టి, మా అత్తమ్మ చెప్పలేకపోయిన జవాబు చెబుతాను.

"వెట్టినం మామా. జర ఆలిశమైంది."